తడవని అగ్గిపెట్టె

ఆళ్లగడ్డ బెస్తవీధిలో పెద్దయ్య మాటకు ఎదురు లేదు. అతనేమీ ఉన్నవాడు కాదు, చదువుకున్నవాడు అంతకన్నా కాదు, వేలిముద్ర మనిషి. కాకపోతే నీళ్ల సంగతి తెలిసినవాడు. గుండ్రటి పుట్టిలో నిలబడి తెడ్డును నీళ్లలోకి దించి, అడుగున బురద ఉందో బండ ఉందో, జెల్ల తిరుగుతోందో బొచ్చె తిరుగుతోందో చెప్పేవాడు. పదిసార్లలో ఏడుసార్లు అది నిజమయ్యేది. మిగతా మూడుసార్లు తప్పు చేపలదేనని వాదించేవాడు, వినేవాళ్లు తల ఊపేవాళ్లు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అని అతని భార్య మారెమ్మ ఒక్కతే అనేది, అదీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

ఆ వీధిలో సగం ఇళ్లకు ఏటా ఎనిమిది నెలలు తాళాలుండేవి. శ్రీశైలం డ్యాం వెనక నీళ్లు నిండగానే పుట్టులు, వలలు, వంట సట్లు, కోళ్లు, చంటిపిల్లలు అన్నీ ఒకే లారీకెక్కేవి. ఆత్మకూరు దాటి, నల్లమల అంచున, నీళ్లు అడవిలోకి చొచ్చుకొచ్చిన చోట బోదగడ్డితో గుడిసెలు వేసుకునేవాళ్లు. దానికి ఊరు అన్న పేరు లేదు, రేవు అనేవాళ్లంతే. కొత్తనీళ్లు ఎర్రగా వచ్చిన రోజు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, పెద్దమనిషి తొలివల వేయాలి. అది నీళ్లలో పడేదాకా ఇంకెవరి వలా తడవకూడదు. ఆ తొలివల ఏళ్ల తరబడి పెద్దయ్యదే.

పెద్దయ్యకు పంతొమ్మిదేళ్లప్పుడు తండ్రి జ్వరంతో పోయాడు. తల్లి అంతకు రెండేళ్ల ముందే పోయింది. మిగిలింది నాలుగేళ్ల తమ్ముడు మహేశ్వర్. అప్పుడే కాపురానికొచ్చిన మారెమ్మ ఒళ్లో వాణ్ణి కూర్చోబెట్టి, "వీడే మన పెద్దకొడుకు" అన్నాడు పెద్దయ్య. చిన్నకొడుకు ఆ తర్వాత పుట్టలేదు. అందుకని ఉన్న ప్రేమంతా ఆ ఒక్కడి మీదే పోసేశారు ఇద్దరూ. వాడూ అన్నను నాయన కంటే ఎక్కువగా చూసేవాడు. అన్న ఎదుట బీడీ కాల్చేవాడు కాదు, కాళ్లు చాపేవాడు కాదు. తండ్రిలాంటి అన్నకూ కొడుకులాంటి తమ్ముడికీ మధ్య కొన్ని మాటలు రాకూడదు. రాకూడని ఆ మాటలే వస్తే వాడు ఇప్పటికీ బతికి ఉండేవాడేమో.

రేవులో పట్టిన చేపను ఐసు పెట్టెల్లో సర్ది, జీపులో నంద్యాల పంపేవాళ్లు. జీపు వెంట ఇద్దరు మగవాళ్లు పోవాలి. దాన్ని జీపు వంతు అనేవాళ్లు. పెట్టెలు దించేసరికి పొద్దున ఎనిమిదయ్యేది. జీపు మళ్లీ కదిలేది సాయంత్రమే. మధ్యలో పొద్దంతా వాళ్లదే. సినిమా చూసేవాళ్లు, బిర్యానీ తినేవాళ్లు, తాగేవాళ్లు, బస్టాండు వెనక లాడ్జీల సందులోకీ పోయేవాళ్లు. వంతు పోయొచ్చినవాడు నాలుగు రోజులు ఊరికే నవ్వుకుంటూ తిరిగేవాడు. వాడి పెళ్లాం నాలుగు రోజులు సట్లను ఎత్తి కుదేసేది. అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. మహేశ్వర్‌కు ఇరవై రెండేళ్లు వచ్చేసరికి తన వంతు చాలక పక్కవాళ్ల వంతులకూ తానే ఎక్కేవాడు. "సినిమా పిచ్చోడు" అనేది మారెమ్మ ముద్దుగా. సినిమా పిచ్చేనని పెద్దయ్య కూడా అనుకునేవాడు. అలా అనుకోవడం సుఖంగా ఉండేది.

తొంభై ఆరులో నంద్యాల నుంచి లూదియా వచ్చింది. ముప్పై లోపు వయసు, బడిపంతులు కూతురు, ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు. ఆ గొంతుతో ఆమె చెప్పిన మాటలు విని రేవులోని ముసలివాళ్లు చెవులు మూసుకున్నారు. ఎయిడ్స్ అనే జబ్బుందని, దానికి మందు లేదని, లాడ్జీ సందుల్లో అది కాచుకుని ఉందని, నిరోధ్ వాడితే రాదని నదురూ బెదురూ లేకుండా చెప్పింది. చెక్కతో చేసిన ఒక బొమ్మను సంచిలోంచి తీసి దానికి నిరోధ్ ఎలా తొడగాలో చూపించబోయింది. అంతే, ఒకడికి వల ఆరబెట్టే పని గుర్తొచ్చింది, ఇంకొకడికి కడుపునొప్పి వచ్చింది. రెండు నిమిషాల్లో ఆ చోట లూదియా, ఆమె బొమ్మ, ఒక కోడిపెట్ట మిగిలాయి. ఆమె నొచ్చుకోలేదు. ఆడవాళ్లను వేరే గుడిసెలో కూర్చోబెట్టి వాళ్లకు చెప్పింది. వాళ్లు తలలు వంచుకుని విన్నారు.

పోయేముందు ఆమె పెద్దయ్య గుడిసె దగ్గరికొచ్చి ఎర్రరంగు వేసిన చెక్కడబ్బా ఒకటి దించింది. నిండా నిరోధ్ పొట్లాలు.

"పెద్దయ్యన్నా, నేను చెప్తే ఈళ్లు ఇనరు. నువ్ చెప్తే ఇంటారు. ఈ డబ్బా నీ గుడిసె కాడ పెట్టుకో. కావాల్సినోళ్లు తీసుకుంటారు."

"నేనేం చెప్పాలమ్మా?"

"తెడ్డు ఉండాది గదా నీ చేతిలో. జీపు వంతుకు పోయేటోళ్లకు ముందురోజు తెడ్డు పిడికి తొడిగి చూపించు. అంతే."

పెద్దయ్య చేతిలోని తెడ్డు వైపు చూశాడు. అది వాళ్ల నాయన తెడ్డు. "సరేలేమ్మా" అన్నాడు, ఆమెను పంపించేయడానికి.

నెల తర్వాత లూదియా వచ్చి మూత తీస్తే డబ్బా పెట్టినట్టే ఉంది. లోపల ఒక మూల బల్లి గుడ్లు మాత్రం పెట్టింది. ఆమె ముఖం వాడిపోయింది.

"మా సారు ఈ రేవు ఇడిసిపెట్టమంటాండాడన్నా. ఎవురూ తీసుకోని చోట ఏంటికి పని అంటాడు. నంద్యాలలో రక్తం పరీక్ష చేస్తే ఎంతమందికి బయట పడతాందో నీకు తెల్దు." మెల్లగా అడిగింది. "మీ మహేశ్వర్ కూడా వంతుకు పోతాండాడు గదా?"

ఆ మాట పెద్దయ్యకు సూటిగా తగిలింది. ఆ రోజంతా తిండి సయించలేదు. ఎట్లాగైనా చెప్పాలని గట్టిగా అనుకున్నాడు. సాయంత్రం గుడిసె ముందే ఒడ్డున పుట్టి బోర్లించి, తెడ్డు పక్కన పెట్టుకుని, జేబులో ఒక పొట్లం వేసుకుని తమ్ముడి కోసం కూర్చున్నాడు. మరునాడు వాడి జీపు వంతు. మహేశ్వర్ రొమ్ము దాకా తడిసి నీళ్లలోంచి పైకొచ్చాడు. వల తీయడానికి దిగి, జేబు సంగతి మరిచాడు. బీడీకట్ట నానిపోయింది, అగ్గిపెట్టె పిండి ముద్దయింది. అన్నను చూసి దాన్ని వెనక దాచుకున్నాడు.

"ఒరే" అన్నాడు పెద్దయ్య.

"ఏందన్నా?"

"రేపు నంద్యాలకు పోతాండావ్ గదా."

"ఆ, పోతాండా."

పెద్దయ్య పొట్లం బయటికి తీశాడు. దాన్ని చూసి మహేశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. అన్నకు తెడ్డు పిడి ఒకటే ఎదురుగా కనపడుతోంది, చెయ్యి దాని దాకా పోలేదు. పోలేక ఎటు పోవాలో తెలియక, ఆ చెయ్యి గుడిసె చూరులోని కొత్త అగ్గిపెట్టె మీదికి పోయింది. పొట్లం చింపి, లోపలి రబ్బరు సంచిలోకి అగ్గిపెట్టెను దూర్చి, మూతి ముడేసి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"ఇంగ తడవదు. ఏట్లో మునిగినా తడవదు."

మహేశ్వర్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. సిగ్గుతో నవ్వాడు. "ఇది... ఆ లూదియమ్మ చెప్పింది దానికి గదన్నా?"

"దానికీ లేదు, గీనికీ లేదు. ఇది బీడీలకు. నేను చెప్తాండా గదా" అన్నాడు పెద్దయ్య కటువుగా. సిగ్గుపడ్డవాడి గొంతు కొన్నిసార్లు కోపంగా వస్తుంది. మహేశ్వర్ అన్న మాట విన్నాడు. ఎప్పుడూ వింటాడు.

పెద్దయ్య తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. జేబులో ఉంటే చాలు, అవసరానికి వాడికే గుర్తొస్తుందిలే అనుకున్నాడు. ఆ మాట పట్టుకుని ఆ పూట అన్నం తినగలిగాడు.

వారం తిరక్కుండా ఎర్రడబ్బా సగమైంది. నీళ్లలో బతికేవాళ్లకు తడవని అగ్గిపెట్టె అంటే మాటలా? పుట్టికొకటి, జేబుకొకటి. పైన ఉండే జిడ్డు పోవడానికి బూడిదతో కడిగి, నీడన ఆరబెట్టి, బీడీకట్ట ఒక దాంట్లో, అగ్గిపెట్టె ఒక దాంట్లో ముడేసుకునేవాళ్లు. ఆడవాళ్లు టార్చిలైటు బ్యాటరీలు కట్టుకున్నారు. రేషన్ కార్డు మడిచిపెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. డబ్బా రెండోసారి నింపారు, మూడోసారి నింపారు. లూదియా వచ్చే రోజు మాత్రం ఆ ముడులన్నీ గుడిసెల చూర్లలోకి ఎక్కేవి. అట్లా చేయమని ఎవరూ చెప్పలేదు. పాపం ఆయమ్మ బాధపడుతుందని రేవంతా ఒక్కటైంది. నూరు మంది మంచితనం కలిసి ఒక మనిషిని ఎంత చక్కగా మోసం చేయగలదో అక్కడ చూడాలి.

ఖాళీ డబ్బా చూసి లూదియా కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుసటి ఏడు నంద్యాలలో మీటింగు పెట్టి పెద్దయ్యను వేదిక ఎక్కించారు. ఏ రేవులోనూ ఇంత మార్పు రాలేదని ఎవరో సారు మైకులో చెప్పాడు. శాలువా కప్పారు. పెద్దయ్య ఆ శాలువా మడిచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. మారెమ్మ దాన్ని చేత్తో తాకి చూసి, పక్కన పెట్టింది.

"ఆయమ్మకు చెప్పయ్యా" అంది.

"ఏం చెప్పాల?"

"అగ్గిపెట్టెల సంగతి."

"గమ్మునుండు. డబ్బా ఖాళీ అయితేనే ఆయమ్మ వస్తాది. వస్తేనే నాలుగు మంచి మాటలు చెప్తాది. నేను నిజం చెప్తే వచ్చేదే నిలిచిపోతాది గదా."

అతని మాటలో అబద్ధం కూడా లేదు. అబద్ధానికి అంత మంచి కారణం దొరికాక నిజంతో ఎవరికి పని?

తొంభై తొమ్మిదిలో మహేశ్వర్‌కు శిరివెళ్ల పిల్లను చేసుకున్నారు. పేరు భ్రమరాంబిక. ఇంట్లో అంబిక అనేవాళ్లు. మాట తక్కువ, చెయ్యి చురుకు. పుట్టి ఒకరితో నడిచేది కాదు, ఒకరు తెడ్డు వేయాలి, ఒకరు వల వేయాలి. అంబిక తెడ్డు పట్టిన నెలకే పుట్టిని గిరగిరా తిరగనీకుండా సూటిగా నడిపించేది. ఆ పిల్ల తెడ్డు వేయడం చూసి పెద్దయ్య మురిసిపోయాడు. మారెమ్మ మనవళ్ల కోసం బొంతలు కుట్టింది. పెళ్లయ్యాక కూడా మహేశ్వర్ జీపు వంతు మానలేదు. పెద్దయ్య ఆ సంగతి గమనించాడు. డబ్బా వైపు చూసి, ఖాళీగా ఉందిలే అనుకున్నాడు.

రెండేళ్ల తర్వాత లూదియా చివరిసారి వచ్చింది. "ఈ రేవు బాగుపడిందంటన్నా. ఇంగ డోన్‌లో లారీవాళ్ల కాడికి పొమ్మన్నారు. అంతా నీ వల్లనే" అంది. పెద్దయ్య చెప్పేద్దామని నోరు తెరిచాడు. "దారిలో జాగ్రత్తమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఆ రేవుకు మంచి మాటలు చెప్పేవాళ్లు ఎవరూ రాలేదు. ఏ అబద్ధం ఆయమ్మను నిలబెడుతుందనుకున్నాడో ఆ అబద్ధమే ఆమెను పంపించేసింది.

రెండువేల నాలుగు మొదట్లో మహేశ్వర్‌కు దగ్గు పట్టుకుంది. నీళ్లలో నానడం వల్లనన్నారు. తర్వాత జ్వరం, విరేచనాలు, నోట్లో తెల్లటి పూత. ఆత్మకూరులో సూదులు వేయించారు, ఒక దర్గాలో తాయెత్తు కట్టించారు. వలను ఒంటిచేత్తో విసిరే మనిషి తెడ్డు ఎత్తలేకపోయాడు. ఆఖరికి నంద్యాల తీసుకుపోతే డాక్టరు రక్తం పరీక్ష రాశాడు. మరునాడు పెద్దయ్యను ఒక్కణ్ణే లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. ఆయన రెండు మాటలు చెప్పగానే పెద్దయ్యకు అంతా తెలిసిపోయింది. ఎనిమిదేళ్ల కిందట లూదియా చెప్పినప్పుడే అతనికి అంతా తెలుసు.

బయటికొస్తే నర్సమ్మ మహేశ్వర్ విప్పిన చొక్కా చేతికిచ్చింది. "జేబులో ఏందో ఉండాది చూడప్పా" అని ముఖం చిట్లించింది. ముడేసిన సంచి. లోపల అగ్గిపెట్టె. పెద్దయ్య వరండా చివరికి పోయి, ముడి విప్పి, ఒక పుల్ల గీశాడు. మొదటి గీతకే భగ్గుమని అంటుకుంది. వేలు కాలేదాకా దాన్ని పట్టుకునే ఉన్నాడు. అవసరానికి వాడికే గుర్తొస్తుందిలే అని ఒకనాడు అనుకున్న మాట గుర్తొచ్చి, గోడకు తల ఆనించి ఏడ్చాడు.

మంచం మీద మహేశ్వర్ అన్న చెయ్యి పట్టుకుని ఒకటే మాట అడిగేవాడు. "నాకే ఏంటికొచ్చిందన్నా? అందరూ చేసిందే గదా నేను చేసింది?" ఊళ్లో టీబీ అని చెప్పారు. మండే ఎండల్లో, ఆళ్లగడ్డ ఇంట్లో, మారెమ్మ ఒళ్లో తల పెట్టుకుని పోయాడు వాడు. నాలుగేళ్లప్పుడు వాణ్ణి కూర్చోబెట్టిన ఒళ్లే అది. వక్కిలేటి ఒడ్డున పూడ్చారు. పదిహేను రోజులకు అంబికకూ పరీక్ష చేయించారు. ఆ పిల్లకూ ఉందన్నారు. ఆమెకు ఇరవై నాలుగేళ్లు.

పెద్దయ్య డోన్ వెళ్లి లూదియాను వెతికి పట్టుకున్నాడు. లారీలు ఆగే చోట ఒక చిన్న గదిలో ఉంది ఆమె. జుట్టు నెరిసింది. పెద్దయ్యను చూడగానే నవ్వుతూ లేచింది. అతను కూర్చోలేదు. తెడ్డు, అగ్గిపెట్టె, చూర్లు, శాలువా, తమ్ముడు, అంబిక, అన్నీ వరసగా చెప్పేశాడు. ఆమె నవ్వు ఎప్పుడో ఆరిపోయింది.

"ఐదేండ్లన్నా" అంది. "ఐదేండ్లు నేను ఖాళీ డబ్బా చూసి సంతోషపడినా. ఒక్కని జేబులో ఏముందో అడగలేదు."

"నన్ను తిట్టమ్మా."

"తిడితే లేచొస్తాడా? నాకు చెప్పి ఏం లాభం? ఆడ ఉండేటోళ్లకు చెప్పు. ఆ పొద్దు చెప్పాల్సిందే ఈ పొద్దన్నా చెప్పు."

ఆ ఏడు కొత్తనీళ్లు ఆలస్యంగా వచ్చాయి. రేవంతా ఒడ్డున చేరింది, మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. కొబ్బరికాయ కొట్టారు. తొలివల కోసం అందరూ పెద్దయ్య వైపు చూశారు. అతను వల ఎత్తలేదు. నాయన తెడ్డును నేలలో గుచ్చి నిలబెట్టి, డోన్ నుంచి తెచ్చిన పొట్లాల్లో ఒకటి చింపి, దాని పిడికి తొడిగాడు. నలభై ఐదేళ్ల మనిషి, రేవుకు పెద్దమనిషి. కుర్రవాళ్లు కిసుక్కుమన్నారు.

"నగొద్దండ్రా. ఇది బీడీలకు కాదు. నేను అబద్ధం చెప్పినా. ఇది దీనికే. వంతుకు పోయేటప్పుడు దీనికే వాడాల. ఇది జేబులో పెట్టుకునే పాయె మా మహేశ్వర్."

నవ్వు ఆగింది. అప్పుడు వెనక నుంచి ఎవరో అన్నారు.

"అంటే... మీ తమ్మునికి టీబీ కాదా పెద్దయ్యా?"

ఆ మాట తన నోటి నుంచే జారిందని పెద్దయ్యకు అప్పుడు తెలిసింది. మగవాళ్ల చూపులన్నీ ఒక్కసారే ఆడవాళ్ల వైపు తిరిగాయి. అంబికకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లు కొంగులు సర్దుకుని పక్కకు జరిగారు. చంటిబిడ్డ తల్లి ఒకామె లేచి వెళ్లిపోయింది. అంబిక తల ఎత్తలేదు, కదల్లేదు. మారెమ్మ ఒక్కతే పోయి ఆమె పక్కన కూర్చుంది. చెప్పాల్సిన రోజున చెప్పని నిజం, చెప్పిన రోజున ఆ పిల్లను ఒంటరిని చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు, ఇక్కడ ఆకులు కూడా కాల్చాయి.

ఆ తొలివల ఇంకెవరో వేశారు. మగవాళ్లు ఒక్కొక్కరే జేబుల్లోంచి ముడులు తీసి, పురుగును విసిరినట్టు నీళ్లలోకి విసిరారు. లోపల గాలి ఉంది కాబట్టి అవి మునగలేదు. పొద్దుగూకేదాకా ఒడ్డు వెంబడి తేలుతూనే ఉన్నాయి. ఆ రోజు నుంచి పెద్దయ్య మళ్లీ నింపిన ఎర్రడబ్బాలో చెయ్యి పెట్టినవాడు లేడు. దానికీ తీసుకోలేదు, బీడీలకూ తీసుకోలేదు. దాన్ని ముట్టుకుంటే జబ్బున్నట్టు లెక్క. జీపు వంతులు మాత్రం ఆగలేదు. పెద్దయ్య రోజూ డబ్బా మీది దుమ్ము తుడిచేవాడు. వంతుకు పోయేవాళ్లను ఆపి చెప్పబోతే, దూరంనుంచే చుట్టు తిరిగి జీపెక్కేవాళ్లు. ఎదురులేని మాటకు ఇప్పుడు వినేవాడు లేడు. అంబికతో పుట్టి ఎక్కేవాళ్లు లేరు, ఆమె చేతి చేప కొనేవాళ్లు లేరు. మరుసటి ఏడు ముగ్గురూ రేవు వదిలేసి ఆళ్లగడ్డలోనే ఉండిపోయారు, శనగచేలకు కూలికి పోతూ.

రెండువేల ఆరులో కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ జబ్బుకు మందులు ఇస్తున్నారని లూదియా కబురు పంపింది. నెలకోసారి పెద్దయ్య మరదలిని వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఆలస్యంగా మొదలుపెట్టారు, మనిషి అప్పటికే సగమైంది. మందులు పడతాయో లేదో చూడాలన్నారు. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చునేది, అతను మందుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. మూడు గంటల దారిలో మూడు మాటలుండేవి కావు.

ఆ రోజు తిరుగుదారిలో బస్సు నంద్యాల బస్టాండులో ఆగింది. కిటికీలోంచి లాడ్జీల సందు కనపడుతోంది. అంబిక అటే చూస్తూ ఉంది. చూస్తూనే అంది.

"ఆసుపత్రిలో మందులిచ్చే ఆయమ్మ ప్రతి నెలా ఒగటే అడుగుతాది బావా. నీకప్పుడు తెల్దా, ఎవురూ చెప్పలేదా అని."

"ఏం చెప్తాండావ్?"

"తెల్దనే చెప్తాండా." కొంగు భుజం మీదికి లాక్కుంది. "నాకు తెల్సు బావా. పెండ్లైన కొత్తలో లూదియక్క మాకు అంతా చెప్పింది. మీ తమ్ముడు వంతుకు పోయొచ్చినప్పుడు సిగ్గిడిసి అడిగినా. డబ్బాలో నుంచి ఒగటి తెచ్చి చేతిలో పెట్టినా."

పెద్దయ్య ఒళ్లోని మందుల సంచిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నవ్వినాడు. 'ఇది బీడీలకే పిచ్చిదానా, మా అన్న చెప్పినాడు. మా అన్న కంటే లూదియమ్మకు ఎక్కువ తెల్సా?' అన్నాడు. నేను తెచ్చిచ్చిన దాంట్లోనే అగ్గిపెట్టె పెట్టి ముడేసుకున్న్యాడు. ఇంగ ఎప్పుడూ అడగలేదు నేను."

పెద్దయ్యకు తప్పైందనే మాట గొంతు దాకా వచ్చి, ఎంత చిన్నదో తెలిసి, అక్కడే ఆగిపోయింది. అంబిక అతని ముఖం చూసింది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని అతను బతికినన్నాళ్లూ అనుకున్నాడు.

"తెల్సని చెప్తే, తెల్సీ ఏంటికిట్ల అయిందని అడుగుతారు. అప్పుడు నీ పేరు చెప్పాల్సొస్తాది. అందుకే తెల్దంటాండాలే" అంది.

బస్సు కదిలింది.